సత్యవేణి టీచరు గారి కంటి మ్యుటేషన్

వృద్ధనేత్ర పరిశోధనా సంస్థలో జరిగిన గొడవంతటికీ మూలం ఒకే ఒక్క మాట. ఆ మాటను ఉత్తరంలో రాసింది డాక్టర్ నిస్సీ. చదువుకున్న పిల్లే గానీ, ఆఫీసుల్లో ఏ మాట ఎవరి సొత్తో ఆమెకు తెలియదు.

వయసు మీదపడ్డాక కొందరికి కంటి తెర నడిమి భాగం ఎందుకు చెడిపోతుంది, పక్కింట్లో అదే వయసువాళ్ళకి ఎందుకు చెడిపోదు అన్నది ఆమె పరిశోధన. మన ఒంట్లో రోగాల మీద కాపలా కాసే దళం ఒకటుంటుందనీ, కొందరికి జన్యువులో ఒక్క అక్షరం తేడాగా ఉంటుందనీ, అలాంటివాళ్ళలో ఆ కాపలాదారులు దొంగల్ని వదిలేసి ఇంట్లోవాళ్ళనే బాదడం మొదలుపెడతారనీ, ఆ దెబ్బలు కంటి తెరకి తగులుతాయనీ ఆమె రోగులకు చెప్పేది.

"మా స్కూల్లో వాచ్‌మేనూ అంతేనమ్మాయ్," అన్నారు సత్యవేణి టీచరు గారు, ఆ మాట మొదటిసారి విన్నప్పుడు.

సత్యవేణి గారు కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం రిటైరైంది గానీ గొంతు కాలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో ఆడపిల్లల కబడ్డీ జట్టుకు ఇప్పటికీ ఆమే కోచ్. ఎడమకంటి నడిమి చూపు అప్పటికే పోయింది. ఆ కంటితో చూస్తే ఎదుటి మనిషికి రెండు చెవులుంటాయట, మధ్యలో మొహం ఉండదట. కుడికన్ను ఇప్పుడిప్పుడే మసకేస్తోంది. కబడ్డీ నేర్పేది ఆ కంటితోనే.

నెత్తురు పరీక్షలో నిస్సీ వెతుకుతున్న తేడా దొరికింది. అలాంటి తేడా ఉన్నవాళ్ళ మీద సంస్థ ఒక కొత్త మందును పరీక్షిస్తోంది. పోయిన చూపును తేలేదు గానీ, పోయే చూపును కాస్త ఆపుతుందేమోనని ఆశ. నిస్సీ వెంటనే పరిపాలనాధికారికి ఉత్తరం పెట్టింది: "కుమారి సత్యవేణి గారి జన్యువునందు మ్యుటేషన్ నిర్ధారణ అయినది. మందు వేయుటకు అనుమతించగలరు."

పరిపాలనాధికారి విశ్వనాథరాజు గారు రెవెన్యూ శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవారు. ఆ శాఖలోనే జుట్టు నెరిసింది. ఉత్తరం చదివి నిస్సీని పిలిపించారు.

"డాక్టరమ్మగారూ, ఈ మ్యుటేషన్ ఎవరు చేశారండి?"

"ఎవరూ చెయ్యలేదు సార్. దానంతటదే జరిగింది."

రాజు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "దానంతటవే జరిగిన మ్యుటేషన్లు నా సర్వీసులో చాలా చూశానమ్మా. ఆఖరికి ఎవడో ఒకడు సస్పెండవుతాడు."

"సార్, ఇది జన్యువు. వాళ్ళ నాన్నగారి దగ్గర్నుంచి వచ్చింది."

"పిత్రార్జితమా! ఆ ముక్క ముందు చెప్పాలి కదండీ. తండ్రిగారున్నారా?"

"లేరు. చాలాకాలమైంది పోయి."

"చూశారా. పోయిన మనిషిది బతికున్న మనిషికి వచ్చిందంటున్నారు. తహసీల్దారు ప్రొసీడింగ్స్ ఏవి?"

పొలం పేరు మార్చడాన్నీ మ్యుటేషన్ అంటారనీ, జన్యువులో అక్షరం మారడాన్నీ అలాగే అంటారనీ, రెండింటికీ సంబంధం లేదనీ నిస్సీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. రాజు గారు మొత్తం ఓపిగ్గా విన్నారు.

"మీరు చెప్పింది అర్థమైందమ్మా. రేపు ఆడిట్‌కి ఈ బొమ్మ చూపించలేను కదా," అన్నారు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. "పై విషయమై తెలియజేయునదేమనగా, సంబంధిత రెవెన్యూ అధికారి ఉత్తర్వులు లేని ఎట్టి మ్యుటేషన్‌నూ ఈ సంస్థ గుర్తించజాలదు. అట్టి ఉత్తర్వులు దాఖలుపరచు పర్యంతము సదరు రోగి కంటియందు మందు వేయరాదు."

*

తహసీల్దారు కామేశ్వరి గారు ప్రమోషన్ మీద కొత్తగా వచ్చారు. తెలియని విషయం ఎదురైతే తెలియదని చెప్పే ఆనవాయితీ ఆ ఆఫీసులో లేదు. పైగా వచ్చిన మ్యుటేషన్ అర్జీ ఏదైనా సరే తీసుకోవాలనీ, తిప్పి పంపితే జవాబు చెప్పుకోవాలనీ పైనుంచి తాఖీదు ఉంది. కనుక సత్యవేణి గారి అర్జీ తీసుకున్నారు. వివరాలు రాసుకోమని గుమస్తాకు అప్పగించారు.

"ఆస్తి ఎక్కడుందండీ?" అన్నాడు గుమస్తా.

"నా కంట్లో," అన్నారు సత్యవేణి గారు.

"సర్వే నెంబరు?"

"కుడికన్ను."

గుమస్తా తలెత్తకుండా రాసుకున్నాడు. "అనుభవంలో ఎవరున్నారండి?"

"పుట్టిన కాణ్ణించీ నేనే."

"కౌలుకేమైనా ఇచ్చారా?"

"ఒరేయ్, నువ్వు ఏ స్కూల్లో చదివేవురా?"

గుమస్తా కౌలు లేదని రాసుకున్నాడు. అభ్యంతరాలున్నవారు తెలుపుకోవలసిందిగా పంచాయతీ ఆఫీసు గోడ మీద నోటీసు అంటించారు. కీర్తిశేషులైన ఫలానావారి పిత్రార్జిత జన్యువు ఆయన కుమార్తె పేరున మార్చబడబోవుచున్నదని అందులో ఉంది. ఊళ్ళో చాలామంది చదివారు. ఎవరికీ అర్థం కాలేదు. ఒక్కడికి మాత్రం 'పిత్రార్జిత' అన్న మాట బాగా అర్థమైంది.

ఆ ఒక్కడు సత్యవేణి గారి తమ్ముడు పుండరీకాక్షం. కొబ్బరికాయల దళారీ. నోట్లో చుట్ట లేకుండా ఎవరూ చూడలేదు. ఆ మధ్యాహ్నమే అక్క ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"నాన్న ఆస్తి నీ పేరున మార్పించేసుకుంటన్నావంట. తోడబుట్టినోణ్ణి, నాకో మాట చెప్పాలా లేదా?"

"అది ఆస్తి కాదురా పుండరీ. రోగం."

"రోగవైనా నాన్నదే కదే!"

"అయితే తీసుకో. మొత్తం నువ్వే తీసుకుపో. దండం పెడతాను."

ఆమె అంత తేలిగ్గా ఇస్తాననేసరికి అతని అనుమానం గట్టిపడింది. పెరటి గోడ దగ్గర జానెడు జాగా కోసం తనతో ఏడాదిపాటు మాట్లాడని మనిషి ఆవిడ.

"ఊరికే ఇచ్చేస్తానంటన్నావంటే ఏదో ఉంది. ఉత్తి రోగానికి డాక్టర్లూ, తాసీల్దార్లూ ఇంతమంది తిరుగుతారేటి? నేనంత ఎర్రిబాగులోణ్ణి కాదక్కా," అని చుట్ట నేలకేసి నలిపి తిన్నగా మండలాఫీసుకు వెళ్ళాడు. తండ్రి జన్యువులో తనకు సగభాగం రావలసి ఉందనీ, అక్క ఒంటరిగా అనుభవిస్తోందనీ అభ్యంతరం దాఖలు చేశాడు.

తగాదా పడ్డ ఆస్తి కాబట్టి తహసీల్దారు గారు చెయ్యవలసిందే చేశారు. విచారణ ముగిసే వరకు యథాతథ స్థితి కొనసాగించవలెననీ, సదరు కంటియందు ఎవ్వరూ ఎట్టి మార్పూ చేయరాదనీ ఉత్తర్వు ఇచ్చారు. నకళ్ళు జిల్లాలోని కంటి ఆసుపత్రులన్నింటికీ వెళ్ళాయి. జబ్బుకు మాత్రం నకలు అందలేదు. అది తన పని తాను చేసుకుపోతూ ఉంది.

*

తర్వాత మండల సర్వేయర్ గవరయ్య పొలాలు కొలిచే గొలుసు పట్టుకుని సంస్థకు వచ్చాడు. కంటి తెరను ఫొటో తీసే గదిలో సత్యవేణి గారు మిషన్ మీద గడ్డం ఆనించి కూర్చున్నారు. పక్కన నిస్సీ నిలబడింది. గవరయ్య గొలుసును ఒక మూల పెట్టి, ఆమె మొహం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, హద్దులు రాసుకున్నాడు. ఉత్తరాన కనుబొమ్మ. దక్షిణాన బుగ్గ. తూర్పున ముక్కు, ఇది ఉమ్మడి. పడమర చెవికి పోవు దారి.

"విస్తీర్ణం సెంట్లలోకి రావట్లేదండి," అని బాధపడ్డాడు. "పోనీండి. ఇది మెట్టా, పల్లవా?"

నిస్సీ పాపం నిజమే చెప్పింది. "ఈ జబ్బులో పొడిరకం, తడిరకం అని రెండుంటాయండీ. ఈవిడ కుడికంటిది ఇప్పటికి పొడిరకమే. తడిరకంగా మారితేనే ప్రమాదం."

"అయితే మెట్టండి," అని గవరయ్య సంతోషంగా రాసుకున్నాడు. ఆ పూట అతనికి అర్థమైన మాట అదొక్కటే. "పల్లంగా మారితే ముందు మాకు చెప్పాలండి. చెప్పకుండా మారిస్తే కేసండి."

"ఎవరి మీద?" అంది నిస్సీ.

"అనుభవదారు మీదండి."

సత్యవేణి గారు మిషన్ మీంచి గడ్డం తీశారు. "బాబూ, నేను కన్నార్పచ్చా? అది కూడా యథాతథ స్థితిలోనే ఉంచాలా?"

గవరయ్య ఆలోచించాడు. పై అధికారిని అడిగి చెబుతానన్నాడు.

*

కొన్నాళ్ళకు ఒక ఉదయం సత్యవేణి గారు కబడ్డీ కోర్టు దగ్గరకు వెళ్ళి కేకేశారు.

"ఎవత్తే ఈ గీత గీసింది? పాము పాకినట్టు ఎలాగుందో చూడండి!"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సున్నం డబ్బా పట్టుకున్న అమ్మాయి మెల్లగా అంది. "తిన్నగానే ఉంది టీచర్. తాడు కట్టే గీశాను."

ఆమె ఇంకో గీత చూశారు. అదీ నడుమ వంగింది. స్కూలు గుమ్మం కేసి చూశారు. అదీ వంగింది. ఎడమకంటికి కూడా చూపు పోయేముందు మొదట వంగింది గుమ్మమే. ఆమె నేల మీద కూర్చుండిపోయారు. ఆటలో మోకాలు చిప్ప జారినప్పుడు కూడా కూర్చోని మనిషి అలా కూర్చునేసరికి పిల్లలు చుట్టూ మూగారు. సున్నం డబ్బా పిల్ల ఏడ్చింది.

"నీ తప్పు కాదే. గీత బానే గీశావు," అని ఆమె ఆ పిల్ల భుజం పట్టుకుని లేచారు.

సంస్థలో ఫొటో తీసి చూస్తే నిస్సీ భయపడ్డదే జరిగింది. పొడిరకం తడిరకంగా మారింది. కంటి తెర కింద పనికిమాలిన రక్తనాళాలు పుట్టుకొచ్చి ఊరుతున్నాయి. దీనికి మందు కొత్తదేమీ కాదు, అందరూ వాడుతున్నదే. కంట్లో సూదితో వెయ్యాలి. ఎంత త్వరగా వేస్తే అంత చూపు మిగులుతుంది. కానీ జిల్లాలో ఏ ఆసుపత్రీ ఆ కన్ను ముట్టుకోనంది. అందరి దగ్గరా నకలు ఉంది. మందు సంస్థ ఫ్రిజ్‌లోనే ఉంది, దాని తాళంచెవి రాజు గారి సొరుగులో ఉంది.

నిస్సీ ఆయన గదిలోకి పరిగెత్తింది. "సార్, తడిరకంగా మారింది. ఇవాళే సూది వెయ్యాలి."

"మెట్ట పల్లమైందా?" రాజు గారి మొహం గంభీరమైంది. "భూమార్పిడికి అనుమతి తీసుకున్నారా?"

"సార్, ఆవిడకి చూపు పోతుంది!"

"నాకూ బాధగానే ఉందమ్మా. కానీ ఒకటి గుర్తుంచుకోండి. చూపు పోయినవాళ్ళకి పింఛనుంది. రూల్ తప్పినవాళ్ళకి అదీ ఉండదు."

నిస్సీ బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఉద్యోగం పోతే పోయింది, ఫ్రిజ్ తలుపు పగలగొడతానంది. సత్యవేణి గారు ఆమె చెయ్యి పట్టి ఆపారు.

"ఆగమ్మాయ్. అసలు నా కంట్లో ఆ నాళాలేం చేస్తన్నాయో మళ్ళీ ఒకసారి చెప్పు."

"వాటికి సంబంధం లేని చోటులోకి జొరబడి పెరిగిపోతున్నాయి టీచర్‌గారూ."

"ఎవరినీ అడక్కుండానే?"

"అడక్కుండానే."

సత్యవేణి గారు చీరకొంగు నడుముకు బిగించి రాజు గారి గదిలోకి వెళ్ళారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. డ్రిల్లు క్లాసులో ఇచ్చే గొంతుతో అన్నారు.

"అయ్యా, ఫిర్యాదివ్వడానికొచ్చాను. నా జాగా ఆక్రమించేశారు."

రాజు గారు కుర్చీలోంచి సగం లేచారు. "ఆక్రమణా? ఎక్కడ?"

"నా కుడికంట్లో. హద్దులు మీ సర్వేయరే రాశాడు. వాటి లోపలికి ఎవరో జొరబడిపోయి వేళ్ళూ కాళ్ళూ చాపేస్తన్నారు."

"యథాతథ స్థితి ఉత్తర్వు ఉంది కదండీ?"

"అదేనండి నేననేది. ఆ ఉత్తర్వు ఉండగానే వచ్చేశారు. గవర్నమెంటు కాగితవంటే భయం లేదు వాళ్ళకి."

ఆ ఒక్కమాటతో రాజు గారి నెత్తురు ఉడికింది. చెరువు గట్ల మీదా, పుంత దారుల్లోనూ గుడిసెలు పీకించిన రోజులన్నీ ఆయన కళ్ళముందు తిరిగాయి. ఆక్రమణ తొలగించడానికి ఆయన ఏనాడూ ఎవరి అనుమతికీ ఆగలేదు. సొరుగు లాగి తాళంచెవి బల్ల మీద పెట్టారు.

"డాక్టరమ్మా! ఏం చూస్తున్నారు? తక్షణం తొలగించండి. పంచనామా తర్వాత రాసుకుందాం. బందోబస్తు కావాలా?"

"వద్దు సార్. కన్ను మొద్దుబారే చుక్కల మందు చాలు," అంది నిస్సీ.

అరగంటలో సూది పడింది. ఆ తర్వాత మరికొన్ని పడ్డాయి. ప్రతిసారీ రాజు గారు ఆక్రమణల తొలగింపు కింద సంతకం పెట్టారు. ఊట తగ్గింది. కబడ్డీ గీతలు చాలావరకు తిన్నబడ్డాయి. నడిమధ్యన చిన్న వంపు మాత్రం ఉండిపోయింది. ఉత్తర్వుల కోసం చూసిన రోజులకి అది మిగిలిన గుర్తు. అది పోదని నిస్సీ దాచకుండా చెప్పింది. సత్యవేణి గారు గుమ్మం కేసి చూశారు. తర్వాత, "పోనీలే, ఎటు వంగిందో తెలుసు కదా. అటు కాస్త సర్దుకుని చూస్తాను," అన్నారు.

*

ఈలోగా తహసీల్దారు గారి తీర్పు వచ్చింది. తండ్రి జన్యువు అక్కాతమ్ముళ్ళిద్దరికీ చెరిసగం. పుండరీకాక్షం ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి టీ కొట్టులో అందరికీ చూపించాడు. ఆ ఆనందంలో ఉండగానే సంస్థ నుంచి పిలుపొచ్చింది. హక్కుదారు కాబట్టి పరీక్షకు హాజరు కావాలట.

పట్టు పంచె కట్టుకుని వెళ్ళాడు. నెత్తురు తీశారు, కళ్ళు ఫొటో తీశారు. ఫలితం వచ్చిన రోజున నిస్సీ అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మీకూ అదే తేడా ఉందండీ. కంటి తెర మీద పసుపు చుక్కలు కూడా మొదలయ్యాయి."

"నిజంగానే నా వాటా నాకొచ్చిందాండి?" అన్నాడు పుండరీకాక్షం. ఆ గొంతులో సంతోషం లేదు.

"కంగారు పడకండి. ఇది తొలిదశ. ఇప్పుడే సూదులూ అవీ అక్కర్లేదు. ఆకుకూరలు బాగా తినండి. చెప్పిన రోజుకి వచ్చి చూపించుకోండి. ముందు ఆ చుట్ట మానేయాలి. మీ జన్యువుకి చుట్ట తోడైతే అగ్గికి గాలి తోడైనట్టే."

అతను జేబులోని చుట్టలకట్ట తీసి చెత్తబుట్టలో వేశాడు. కాసేపు దానికేసే చూస్తూ కూర్చున్నాడు. "మా నాన్న కూడా ఆఖర్లో నన్ను పోల్చుకునేవోడు కాదండి. మా మీద కోపవనుకున్నావండి ఇన్నాళ్ళూ," అన్నాడు. పక్కనున్న సత్యవేణి గారు తమ్ముడి వీపు మీద చెయ్యి వేశారు.

సరిగ్గా అప్పుడు రాజు గారు ఫైలు పట్టుకుని లోపలికొచ్చారు. మొహం వెలిగిపోతోంది. "డాక్టరమ్మా, సంస్థ పుట్టినప్పట్నుంచీ అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్న రోగి ఈయనొక్కరే. సూది వేసెయ్యండి."

"ఈయనకి సూది అవసరం లేదు సార్."

"అవసరం సంగతి మీరు చూసుకోండి. అర్హత ఉన్నవాడికి ఇవ్వకపోతే ఆడిట్‌కి నేనేం చెప్పాలి?"

"సూదెక్కడండి?" అన్నాడు పుండరీకాక్షం.

"కంట్లో," అన్నారు రాజు గారు.

పుండరీకాక్షం ఆ గదిలోంచి ఎలా బయటపడ్డాడో ఎవరూ చూడలేదు. తిన్నగా సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి, తండ్రి జన్యువులో తనకు గల సర్వహక్కులూ అక్కకు వదులుకుంటున్నట్టు విడుదల దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించాడు. పెరటి గోడ దగ్గర జానెడు జాగా కూడా వదలని మనిషి, అడక్కుండా వదులుకున్న పిత్రార్జితం ఇదొక్కటే.

రాజు గారు ఆ దస్తావేజును శ్రద్ధగా చదివారు. హక్కు లేని మనిషికి మ్యుటేషన్ ఉండదు. మ్యుటేషన్ లేని మనిషికి జబ్బు ఉండదు. పుండరీకాక్షాన్ని స్వస్థత పొందినవారి కింద రాయించారు. ఆ రాత ఆయనకే నచ్చింది. మందు అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, స్టాంపు కాగితం ఒక్కటి చాలు. వెంటనే పైకి ప్రతిపాదన పంపారు. పైవాళ్ళకు ఇంకా బాగా నచ్చింది. వయోవృద్ధుల జన్యు హక్కు విడుదల పథకం ప్రారంభమైంది. రాజు గారికి శాలువా కప్పారు.

మొదటి రోజున సబ్-రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన ముసలివాళ్ళు కిటకిటలాడిపోయారు. చేతికర్రలు, నల్ల కళ్ళద్దాలు, ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి. నిస్సీ అది చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడుస్తావేంటమ్మాయ్?" అన్నారు సత్యవేణి గారు. "బళ్ళు కట్టించి తిరిగినా ఇంతమంది కంటిరోగుల్ని ఒక్కచోటికి పోగెయ్యగలవా నువ్వు? ఆ ఫొటో మిషను ఇక్కడికి తెప్పించు. మిగతాది నేను చూసుకుంటాను."

ఆమె వెళ్ళి రాజు గారితో ఒక్కటే మాట అన్నారు. హద్దులు లేకుండా దస్తావేజు ఎలా చెల్లుతుందండీ, అని. శాలువా సర్దుకుంటున్న రాజు గారు ఉలిక్కిపడ్డారు. చెల్లదు. ప్రతి కంటికీ ఫొటో, ప్రతి మనిషికీ నెత్తురు పరీక్ష తప్పనిసరి చేస్తూ అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు.

వరండాలో మిషను పెట్టారు. పుండరీకాక్షం ముసలివాళ్ళ చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరినే తీసుకొచ్చి కూర్చోబెడుతున్నాడు. ఎవరి నోట్లో చుట్ట కనిపించినా లాగి పారేస్తున్నాడు. గుమ్మం దగ్గర, ఫొటోకి ముందు కంట్లో వేసే చుక్కల సీసాతో సత్యవేణి గారు నిలబడ్డారు. ఆమె గొంతుకు లైను తాడు కట్టినట్టు తిన్నగా ఉంది.

"టీచరమ్మగారండీ," అన్నాడు మొదటి ముసలాయన, "సంతకం పెట్టేస్తే రోగం పోద్దన్నారు కదండీ. మరి చుక్కల మందెందుకండి?"

"ఏం వదులుకుంటన్నావో చూసుకుని మరీ వదులుకో," అన్నారామె. "తలెత్తు. కళ్ళు పెద్దవి చెయ్!"